గుట్ట వెనక మొగం

గుట్ట వెనక నుంచి పొగ లేచిన పొద్దు మా అన్న ఆకుతోటలో తమలపాకు తీగలు కడుతున్నాడు. నేను గట్టు మీద కూర్చుని ఉన్నాను. ఆయన తలెత్తి చూసి, "ఎవురో బోదగడ్డి కాలుస్తాండారు," అని మళ్ళీ పనిలో పడ్డాడు.

గడ్డి కాలితే పొగ తెల్లగా లేచి కాసేపటికి చెదిరిపోతుంది. ఇది నీలంగా, సన్నగా, నాలుగు చోట్ల నుంచి లేచింది. సాయంత్రం దాకా తగ్గలేదు, పెరగలేదు. మడకశిర తట్టు పోయినప్పుడు అలాంటి పొగ చూశాను. అది బొగ్గు బట్టీల పొగ. దాని తర్వాత ఏం జరుగుతుందో ఆ పొద్దు మా ఊళ్ళో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. చెప్పలేదు. అప్పటికి ఏడాదిన్నరగా చెప్పకుండానే ఉన్నాను.

అన్న పోయి ఈ మాఘానికి ఏడాది. జరిగింది జరిగినట్టు రాయాలని కూర్చున్నాను.

మా ఊరు పెనుకొండకూ హిందూపురానికీ నడుమ, రైలు దారికి రెండు మైళ్ళ దూరంలో ఉంది. ఊరి వెనక గుట్ట, గుట్ట అడుగున రాతి సందులోంచి వచ్చే ఊట. ఆ నీళ్ళు రాతి తొట్టిలో పడి, అక్కడి నుంచి కాలువగా పదకొండు ఇళ్ళవాళ్ళ పొలాలకు పోయేవి. ఊటకు పైన ఇల్లు గానీ పొలం గానీ లేదు. కాలువ మొదట్లో ఉన్నది మా అన్న ఆకుతోట. ఊట నీళ్ళు తాగడానికి తెచ్చుకునేది మా ఇంటివాళ్ళే, మిగతా ఊరంతా బావి నీళ్ళు తాగేది. ఎకరా కూడా ఉండదు. అవిసె చెట్లు నాటి వాటి మీదికి తీగలు పాకిస్తారు. లోపలికి పోతే ఎండాకాలం మధ్యాహ్నం కూడా చల్లగా, సగం చీకటిగా ఉంటుంది. వరి ఎండిపోతే మరుసటి ఏడాది మళ్ళీ నాటుకోవచ్చు. ఆకుతోటకు మే నెలలో పది దినాలు నీళ్ళు తప్పితే తీగ వేరుతో సహా పోతుంది. మళ్ళీ తోట చేయాలంటే మూడేళ్ళు పడుతుంది. అది మా తాత పెట్టిన తోట. నాయన చిన్నప్పుడే పోతే అన్న ఆ ఆకు అమ్మి నన్ను హిందూపురంలో పెట్టి చదివించాడు. చదువు అయ్యాక నేను పెనుకొండ రిజిస్ట్రారు కచేరి ముందర చాప పరుచుకుని దస్తావేజులు రాసే పనిలో కుదిరాను. ఊళ్ళో పుస్తకాలు తెప్పించుకుని చదివేవాణ్ణి నేనే. ఆ సంగతి అన్న అందరికీ చెప్పుకునేవాడు.

ఊట ఎంత పారుతున్నదో కొలవడానికి అన్నకు ఒక పద్ధతి ఉండేది. తాత నుంచి వచ్చింది. తొట్టి దగ్గర కడవ పెట్టి, ఒళ్ళో ఆకులు వేసుకుని కూర్చుంటాడు. ఒక్కో ఆకు తొడిమ గిల్లి, ఈనె తీసి, సున్నం రాసి, మడిచి పక్కన పెడతాడు. కడవ నిండేలోపల ఎన్ని ఆకులు మడిచాడో అదే లెక్క. బాగా పారే ఏడాది మూడాకుల ఊట. కరువేడు ఐదాకుల ఊట. ఆరు ఆకులు దాటిన ఏడాది తాత కాలంలో ఒకసారి వచ్చిందని చెప్పేవారు. మడిచిన ఆకులు అక్కడే నమిలేవాడు. కొలవడం ఒక సాకనీ, వక్కాకు కోసమే పోతాడనీ వదిన ఎగతాళి చేసేది.

ఆంధ్ర రాష్ట్రం పెద్దదైన మరుసటి ఏడాది, గుట్ట సొంతదారు దాన్ని అమ్మాలనుకున్నాడు. ఆయన బెంగుళూరులో ఉండేవాడు. గుట్ట వాళ్ళ తాతలకు వచ్చిన ఇనాము. ఇనాములన్నీ పోతాయని మాట పుట్టింది కనుక చేతిలో ఉండగానే అమ్ముకోవాలని ఆయన తొందర. గుట్టకు రెండు మొగాలు. మా ఊరి వైపున్నది ముందర మొగం. ఆ పక్కది వెనక మొగం, దాని కింద ఊరు లేదు, బీడు. రెండూ వేరువేరుగా అమ్ముతానన్నాడు. రెంటి మీదా నారేపి చెట్లు దట్టంగా ఉండేవి. కొన్నవాడు ముందు చేసే పని వాటిని కొట్టి కట్టె అమ్ముకోవడమే. చెట్టు పోతే ఊట పోతుందని మా ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు.

పదకొండు ఇళ్ళవాళ్ళూ కూడి తామే కొనాలనుకున్నారు. ముందుకు నడిపింది అన్న. హిందూపురంలో ఒక వకీలు దగ్గరికి నన్ను వెంటబెట్టుకుని పోయాడు. ఆ వకీలు నిదానంగా విని ఇలా చెప్పాడు: "మీ పేర్ల మీద కొంటే మీ కొడుకులు పంచుకుంటారు, పంచుకుని కొడతారు. ట్రస్టు పెట్టండి. గుట్ట ట్రస్టుది. అమ్మడానికి లేదు, కొమ్మ కొట్టడానికి లేదు, గొర్రెను తోలడానికి లేదు. అట్లా రాసుకోండి." అన్న ఆ మూడు మాటలూ దారి పొడుగునా అనుకుంటూ వచ్చాడు. రైల్లో ఎదురుగా కూర్చున్న ముసలాయనకు కూడా చెప్పాడు. "అమ్మడానికి లేదు పెద్దాయనా, మేం సచ్చినా లేదు." ఆ ముసలాయన, "మీరు సచ్చినాక ఎట్లా చూసొస్తారప్పా?" అన్నాడు. అన్న నవ్వి ఆయనకు ఆకు మడిచి ఇచ్చాడు.

ఎద్దులు అమ్మినవాళ్ళు అమ్మారు, ఒంటి మీది నగ తీసిచ్చినవాళ్ళు ఇచ్చారు. అంతా కలిపినా ఒక మొగానికే సరిపోయింది. ఏ మొగమన్నది ఎవరూ ఆలోచించలేదు. ఊట కనబడేది ముందర మొగంలో కనుక అదే.

గొర్రెలు మేపే ఒక పెద్దాయన ఒక్కడే వేరే మాట అన్నాడు. ఆయన మంద తరాలుగా ముందర మొగంలో మేసేది. మావాళ్ళు రచ్చబండ దగ్గర కూడిన సాయంత్రం వచ్చి, కంబళి భుజాన వేసుకుని దూరంగా నిలబడి అన్నాడు.

"గుట్ట కొనేట్టుంటే వెనక మొగం కొనండప్పా. ఊటకు పుట్టిల్లు ఆ తట్టుండాది. ఈ మొగం ఉత్త రాయి."

"ఈ మొగంలో నీ గొర్రెలు మేస్తాండాయి కదా, అందుకా?" అన్నాడు ఒక రైతు.

"మేస్తాండాయి సామీ. లేదన్లా. మేస్తే మాత్రం నీళ్ళు యాడ నుంచి వస్తాయో నాకు తెలీకుండా పోతాదా?"

వెనక మొగంలో ఒక దొన ఉందని చెప్పాడు. దొన అంటే బండలో నీళ్ళు నిలిచే పెద్ద గుంత. ఆ మొగం మీద పడిన వానంతా అందులోకి దిగి, అడుగున ఒక రాతి సందులోకి పోతుందట. "మా నాయన ఒగసారి ఆ సందులో కొర్ర పొట్టు పోసినాడు. ఈడ ఊటలో తేలింది. నేను చూసినా."

"ఎన్నాళ్ళకు తేలింది?" అని అడిగాను.

"అమాసకు పోస్తే పున్నానికి వచ్చె."

"నడుమ తిరపతికి పోయి గుండు కొట్టించుకుని వచ్చిందేమో పెద్దాయనా," అన్నాను.

అందరూ నవ్వారు. అన్న అందరికన్నా ఎక్కువ నవ్వాడు. ఆ పెద్దాయన కూడా రవంత నవ్వాడు. నేను అంతటితో ఆగలేదు. బళ్ళో చదువుకున్న భూగోళం నాకు గుర్తుంది. పక్కనున్న ఆకుబుట్ట తీసుకుని బోర్లించి, దాని నెత్తి మీద చెంబుతో నీళ్ళు పోశాను. నీళ్ళు ఇటు పడ్డవి ఇటు, అటు పడ్డవి అటు జారాయి. "గుట్ట కూడా ఇంతే. ఆ పక్క పడిన వాన ఈ పక్కకు ఎట్లా వస్తుంది?" అన్నాను. చూసినవాళ్ళు తలూపారు. గుట్ట బుట్ట కాదని, లోపల ఏముందో నాకు తెలియదని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

అన్న మాత్రం, "పోసి చూస్తే పోయేదేముండాది?" అన్నాడు. వానలు వెనకబట్టి అప్పటికి కొన్ని దినాలే అయింది, దొనలో నీళ్ళున్నాయి. ఒక సోమవారం అందరం పోయి బస్తా కొర్ర పొట్టు ఆ సందులో పోశాం. నీళ్ళు దాన్ని మెల్లగా లోపలికి తీసుకుపోయాయి. ఊట దగ్గర అన్న తన పంచె చించి రాతి సందుకు అడ్డం కట్టాడు. పొద్దున్నే ఒకసారి, సందకాడ ఒకసారి విప్పి చూసేవాడు. ఆరు దినాలు చూశాడు. ఇసుక రేణువులు తప్ప ఏమీ లేదు. ఆదివారం పంచె తీసేశాడు. బుధవారానికి రిజిస్ట్రీ అనుకున్నాం, ఆ పొద్దు దాటితే సొంతదారు బెంగుళూరు పోతాడు, వేరేవాళ్ళకు మాటిచ్చినా ఇస్తాడు. గొర్రెల పెద్దాయన వచ్చి, "ఇంగో వారం తాళండప్పా," అన్నాడు. ఎవరో నా తిరుపతి మాట మళ్ళీ అన్నారు. ఆయన కంబళి సర్దుకుని పోయాడు.

దస్తావేజు నేనే రాశాను. అంత శ్రద్ధగా ఇంకేదీ రాయలేదు. నాలుగు దిక్కుల హద్దులు చెప్పేదాన్ని మేం చెక్కుబంది అంటాం. తూర్పున నిలువురాయి, దక్షిణాన ఊట కాలువ, పడమర వంక, ఉత్తరాన గుట్ట నెత్తి. గుట్ట నెత్తి దగ్గర నా కలం ఆగింది. కొన్నది అక్కడిదాకే.

వదిన మేం పొట్టు పోయక ముందే ధర్మవరంలో పుట్టింటికి పోయి ఉండింది, వాళ్ళన్న కొడుక్కు పేరు పెడుతుంటే. రిజిస్ట్రీ అయిన మరునాడు వచ్చింది. ఆ మరునాడు శుక్రవారం. అన్న దస్తావేజు వకీలుకు చూపించడానికి హిందూపురం పోయాడు. నేను ఇంట్లో సంగటి తింటున్నాను. వదిన ఊరిబిండి వేస్తూ అన్నది.

"ఎవురో సిగ్గులేనిది ఊటకాడ కొర్రలు చెరిగినట్టుండాదప్పా. పొద్దున్నే పోతే కడవ నిండా పొట్టే. గుడ్డేసి వడగట్టుకొస్తి."

ముద్ద నోటి దాకా పోలేదు. లెక్కపెట్టుకున్నాను. పోసిన పన్నెండో పొద్దు. రిజిస్ట్రీ అయిన మూడో పొద్దు.

"ఎవరో చెరిగుంటారులే వదినా," అని లేచాను.

ఊట దగ్గరికి పోయాను. ఎవరూ లేరు. నీళ్ళు తేటగా పారుతున్నాయి. తొట్టి లోపల, నీళ్ళు తాకే చోట, పాచికి అంటుకుని పసుపుపచ్చ పొట్టు చుట్టూ గీతలాగా ఉంది. రాతి సందు అంచున కూడా ఉంది. పై గుడ్డ తీసి తొట్టి చుట్టూ తుడిచేశాను. సందులో వేలు పెట్టి తీశాను. గుడ్డ కాలువలో జాడించి, పిండి, భుజాన వేసుకుని ఇంటికి వచ్చాను.

ఎందుకు తుడిచానని నన్ను నేను అడగని ఏడాది లేదు. పొట్టు వచ్చిందంటే, పదకొండు ఇళ్ళవాళ్ళు ఎద్దులమ్మి రాతిని కొన్నారని కూడా చెప్పాలి. బుట్ట బోర్లించింది నేను. తిరుపతి మాట అన్నది నేను. ఆ రాత్రికి అన్న హిందూపురం నుంచి మిఠాయి పొట్లం తెచ్చి వీధిలో పిల్లలందరికీ పంచాడు. రేపు చెబుదామనుకున్నాను.

చెప్పి ఉంటే దారి లేకపోలేదు. వెనక మొగం ఏడాదికి పైగా అమ్ముడుపోలేదు. వకీలుతో ట్రస్టు కాగితం మార్పించి, ముందర మొగం మళ్ళీ సొంతదారుకే ఇచ్చి అది మార్చుకుని ఉండవచ్చు. ఆయన పెనుకొండ కచేరికి వచ్చినప్పుడు రెండుసార్లు నన్ను పలకరించాడు. ఒకసారి, "మీవాళ్ళు ఆ పక్క కూడా తీసుకుంటారా?" అని తానే అడిగాడు. "అంత శక్తి లేదండీ," అన్నాను.

ఆ ఏడాది అన్న ఎన్నడూ లేనంత సంతోషంగా ఉన్నాడు. నారేపి విత్తనాలు ఏరి గుట్ట మీద ఖాళీ ఉన్నచోటల్లా గుచ్చి వచ్చేవాడు. ఎక్కడన్నా మేక కనబడితే అరమైలు తరిమేవాడు. తంగేడు పట్ట వలిచేవాళ్ళను కూడా రానిచ్చేవాడు కాదు. "అబ్బీ, ఒగ పొద్దు పైకి రారా, నీడ ఎట్లుండాదో చూద్దువు," అని పిలిచేవాడు. పని ఉందని తప్పించుకునేవాణ్ణి.

ముందర మొగం మూశాక గొర్రెల పెద్దాయనకు మేపే చోటు లేకపోయింది. ఒకనాడు కచేరి ముందర నా చాప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"పోతాండామప్పా, అమరాపురం తట్టుకు. ఆడ మా బామ్మర్ది ఉండాడు. పిల్లోళ్ళు రామంటాండారు. వాళ్ళు ఈడే కూలికి పోతారంట."

"మంచిది," అన్నాను.

కాసేపు నిలబడి అడిగాడు. "పొట్టు వచ్చెనా?"

"రాలేదు."

"వచ్చుంటాది," అన్నాడు. "సూసుండరు." నన్ను తప్పు పట్టినట్టు అనలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని స్టేషను వైపు పోయాడు.

వెనక మొగం కట్టె కంట్రాక్టరు ఒకాయన కొన్నాడు. ఆ తర్వాత లేచిందే నేను మొదట చెప్పిన పొగ. అది ఒక్క పొద్దుతో ఆగలేదు. పెందలాడే లేస్తే పొగ, సందకాడ పొగ. గాలి ఇటు తిరిగినప్పుడు ఆకుతోటలో కూడా ఆ వాసన వచ్చేది. వారానికి రెండు లారీలు బొగ్గు బస్తాలతో హిందూపురం రోడ్డెక్కి బెంగుళూరు పోయేవి. నరికేవాళ్ళలో గొర్రెల పెద్దాయన కొడుకులు ఇద్దరూ ఉన్నారు. కూలి ఎక్కడ దొరికితే అక్కడ. ఊళ్ళోవాళ్ళు గుట్ట వైపు చూసి, "మన మొగం మనం కొనుక్కోబట్టి సరిపాయె," అనుకునేవారు. అన్న భుజం తట్టేవారు.

మొదట తేడా పట్టింది మా ఊరి వాళ్ళు కాదు. అన్న ఆకు వారానికొకసారి ప్యాసింజరులో ధర్మవరం పోయేది. అక్కడ మగ్గాలవాళ్ళు రోజంతా నములుతారు. ఆకు దింపుకునే ముసలామె ముప్పై ఏళ్ళుగా మా ఆకే అమ్ముతున్నది. వదినను పుట్టింట్లో దింపడానికి పోయినప్పుడు బుట్ట నేను తీసుకుపోయాను. ఆమె ఒక ఆకు చించి నోట్లో వేసుకుని, నమలడం ఆపింది.

"ఏం నాయనా, తోటకు నీళ్ళు తగ్గినాయా?"

"లేదే. మూడాకుల ఊటే."

"ఆకు మందమాయె. కారం ఎక్కింది. పోయిన నెల కూడా ఇట్లే ఉండె. మీయన్నతో చెప్పు."

చెప్పలేదు. ఇంటికి వచ్చాక అన్నతో ముసలామె కులాసాగా ఉందని మాత్రం చెప్పాను.

ఆ ఏడు మొదటి పెద్ద వాన రాత్రంతా కురిసింది. రెండో పొద్దు మేం ముగ్గురం అన్నం ముందర కూర్చున్నాం. అన్న చెంబెత్తి తాగబోయి ఆగాడు. నీళ్ళను వెలుగులోకి పట్టి చూశాడు. నీళ్ళు నల్లగా ఉన్నాయి. బురద రంగు కాదు. చెంబు వంచి అరచేతిలో పోసుకుని, వేలితో నలిపాడు. వేలు నల్లబడింది.

"బొగ్గు," అన్నాడు.

చెంబు కింద పెట్టాడు. తర్వాత ఆయనే మెల్లగా, తనలో తాను లెక్క చూసుకుంటున్నట్టు అన్నాడు. "ఊటకు పైన మన గుట్ట. మన గుట్టలో బట్టీ లేదు. అంటే ఇది ఆ తట్టు నుంచి వచ్చుండాది. గొర్రెలాయన చెప్పిందే నిజం. పొట్టు రాలేదు గానీ, వచ్చుంటే..."

"వచ్చె కదా," అన్నది వదిన. ఆమె గొంతులో ఏ తేడా లేదు. "నేను పుట్టింటి నుంచి వచ్చిన మరుసటి పొద్దే వచ్చుండె. కడవ నిండా పొట్టే. ఊటకాడ మీరు పొట్టు కోసం చూసిన సంగతి నాకు ఎనక తెలిసె. మరిదికి ఆ పొద్దే చెప్తి కదా, మీకు తెలుసనే అనుకుంటి."

అన్న నా వైపు చూశాడు. నేను అన్నం వైపు చూస్తున్నాను.

"నీకు తెలుసునా?"

"తెలుసు."

"ఎప్పుట్నుంచి?"

"రిజిస్ట్రీ అయిన మూడో పొద్దు నుంచి."

ఆయన అడిగింది అంతే. చెంబులో మిగిలిన నీళ్ళతో చేయి కడుక్కుని లేచిపోయాడు. వదిన నన్ను చూసి, "ఆ పొద్దు ముద్ద ఇడిసి లేస్తివి," అన్నది. అప్పుడు అర్థమైనట్టుంది ఆమెకు.

అప్పటికి వెనక మొగంలో కొట్టడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. నేను ఎక్కి చూశాను. మొద్దులు, బూడిద కుప్పలు, ఆ వానకు కొట్టుకొచ్చిన ఎర్రమట్టి. దొన సగం మట్టితో, బొగ్గు పొడితో పూడిపోయింది. అడుగున సందు ఎక్కడుందో కనబడలేదు.

ఆ వానకు ఊట పొంగింది. అదే దాని చివరి పొంగు. సంక్రాంతి దాటేసరికి ఐదాకులు, శివరాత్రికి ఏడు. తర్వాత అన్న లెక్క పెట్టడం మానేశాడు. ఒకసారి చూశాను, కడవ పెట్టి దాని పక్కన ఊరికే కూర్చున్నాడు. ఒళ్ళో ఆకులు లేవు. మే నెలలో సందులోంచి నీళ్ళు చుక్కచుక్కగా పడ్డాయి. కింది పొలాలవాళ్ళు ముందే ఆశ వదులుకుని కూలికి పోయారు. ఒకరిద్దరు కుటుంబాలతో హిందూపురం చేరారు. అన్న మాత్రం ముప్పావు మైలు దూరంలోని బావి నుంచి కావడితో నీళ్ళు మోశాడు. తీగకు చెంబెడు. ఆయనొక కావడి, వదిన నెత్తిన ఒక కడవ. నేను పనికి పోకుండా వచ్చి కావడి అందుకోబోయాను. ఆయన నా చేతిలోంచి దాన్ని తీసుకున్నాడు. లాక్కోలేదు. పరాయివాడి చేతిలోంచి తన వస్తువు తీసుకున్నట్టు తీసుకున్నాడు. అట్లా పంతొమ్మిది దినాలు మోశాడు. ముందు ఆకులు వాలాయి, తర్వాత అవిసెలు రాల్చాయి, తోటలోకి ఎండ దిగింది. ఎండ నేరుగా నేల మీద పడడం ఆ చోట నేనెప్పుడూ చూడలేదు.

తీగలు పీకి కుప్ప వేసి, ఆ నేలలో వేరుశనగ వేశాడు. వక్కాకు వేసుకోవడం మానేశాడు. ఎవరైనా ఇచ్చినా తీసుకునేవాడు కాదు. పదకొండు ఇళ్ళవాళ్ళకు పొట్టు సంగతి ఆయన చెప్పలేదని నాకు తర్వాత తెలిసింది. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను.

నేను పెనుకొండలో గది తీసుకుని ఉండసాగాను, అయినా అన్న నాతో మాట్లాడడం మానలేదు. పండగకు పిలిచేవాడు, ఆరోగ్యం అడిగేవాడు. నాకు జ్వరమొస్తే పెనుకొండకు వచ్చి రెండు పొద్దులు ఉన్నాడు. అందుకే నేను అంతా సర్దుకున్నదనుకున్నాను.

చైనా యుద్ధం జరిగిన మరుసటి ఏడాది. ఒక పొద్దు కచేరి ముందర చాప మీద కూర్చుని ఏదో దస్తావేజు రాస్తున్నాను. అన్న వచ్చాడు. ఆయన వెంట గొర్రెల పెద్దాయన, బాగా ముసలైపోయి, కొడుకు చేయి పట్టుకుని ఉన్నాడు. నేను చాప మీద చోటు చేశాను. అన్న నన్ను చూసి, "బాగుండావా?" అన్నాడు. అని, నన్ను దాటి పోయి, నా పక్కన రాసుకునే ఆయన చాప మీద కూర్చున్నాడు.

అది మేతకు ఇచ్చే ఒప్పందం. ట్రస్టు రాతలోని గొర్రె మాట కొట్టేయడానికి పదకొండు మందీ ఒప్పుకున్నారట. గుట్ట ముందర మొగంలో ఆ పెద్దాయన మంద, ఆయన తర్వాత కొడుకుల మంద మేపుకోవచ్చు. చెట్టు మాత్రం కొట్టకూడదు. అన్న ఒక్కో మాట చెబుతుంటే పక్కాయన రాస్తున్నాడు. నా కలం ఆగిపోయింది. నా చాప మీదున్న రైతు, "రాయప్పా, యాల ఆపితివి?" అన్నాడు.

పక్కాయన చెక్కుబంది దగ్గరికి వచ్చాడు. దక్షిణం రాశాడు, పడమర రాశాడు. "ఉత్తరాన హద్దు?" అని అడిగాడు. అన్న వెంటనే చెప్పలేదు. పక్కాయనకు ఏమీ తెలియదు కనుక నా వైపు తిరిగి, "మీ గుట్టే కదా, పాత దస్తావేజు నువ్వే రాసింటావు. ఉత్తరాన ఏముండాది?" అన్నాడు.

"గుట్ట నెత్తి," అన్నాను.

"అదే," అన్నాడు అన్న, కాగితం వైపే చూస్తూ.

వేలిముద్రలు వేసి లేచారు. పోతూ గొర్రెల పెద్దాయన నా ముందర ఒక్క క్షణం నిలబడ్డాడు. కళ్ళు సరిగ్గా కనబడేవి కావు ఆయనకు. నేనెవరో పోల్చుకున్నాడో లేదో తెలియదు. కొడుకు నడిపించుకుపోయాడు.

ఆ తర్వాత అన్న చేసిన ఏ కాగితమూ నేను రాయలేదు. అత్తారింట్లో ఉన్న కూతురి పేర పొలం రాసినప్పుడు కూడా హిందూపురం పోయి రాయించాడు. రిజిస్ట్రీకి పెనుకొండకే రావాలి కదా, వచ్చాడు. నాతో కలిసి కాఫీ తాగాడు. కాగితాలు మడిచి జేబులో ఉన్నాయి, పై అంచు కనబడుతున్నది. తీసి చూపించలేదు.

అన్న కర్మకు ఆకు కావలసి వచ్చింది. వదిన నన్నే పంపింది. హిందూపురం సంతలో కొన్నాను. మందంగా ఉంది. ఎక్కడి తోటదని అడగలేదు. ఇంటికి వచ్చేసరికి వదిన, "ఊట నీళ్ళు ఒగ కడవ తేప్పా. బావి నీళ్ళు వద్దు, ఆయనకు," అన్నది. ఊట పూర్తిగా చావలేదు. వెనక మొగంలో మొద్దులు మళ్ళీ చిగిరించాక అప్పుడప్పుడు రవంత ఊరుతుంది.

కడవ సందు కింద పెట్టి తొట్టి అంచున కూర్చున్నాను. సందు అంచున కొత్త పాచి పట్టింది. పైన అన్న గుచ్చిన నారేపి మొక్కలు నిలువెత్తయ్యాయి. వాటి నడుమ గొర్రెలు మేస్తున్నాయి. ఆకుకట్ట చేతిలోనే ఉంది. ఏం చేస్తున్నానో ఆలోచించకుండా ఒక ఆకు తీసి తొడిమ గిల్లాను. ఈనె తీసి మడిచి పక్కన పెట్టాను. ఇంకొకటి తీశాను. మూడు దాటింది, ఐదు దాటింది. పది దాటాక లెక్కపెట్టలేదు. కట్ట అయిపోయింది. వంగి చూశాను. కడవ అడుగున నాలుగు వేళ్ళ నీళ్ళున్నాయి.

కర్మకు తెచ్చిన ఆకు అంతా మడిచేశానని అప్పుడు తెలిసింది. మళ్ళీ సంతకు పోవాలి. కానీ కడవ వదిలి పోలేదు, నిండేదాకా అక్కడే కూర్చున్నాను.